సెప్టిక్ ట్యాంకుకు ఏ కాగితం మంచిది?

అమెరికాలో ఊరికి కాస్త దూరంగా ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు తరచూ ఎదురయ్యే సంగతి ఇది. ఆ ఇంటికి ఊరి డ్రైనేజీ ఉండదు. పెరట్లో పచ్చిక కింద సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. ఆ దేశంలో ఇంచుమించు ఐదిళ్లకు ఒకటి ఇలాంటిదే. సెప్టిక్ ట్యాంకులు మన ఊళ్లలోనూ ఉన్నాయి గానీ, వాటిలో పడేది ఎక్కువగా నీళ్లే. అక్కడ రోజూ టాయిలెట్ కాగితం కూడా పడుతుంది. ఆ కాగితాన్ని మెత్తదనం చూసి కొంటే సరిపోదు.

ట్యాంకులోకి వచ్చిన మురుగు కదలకుండా నిలిచి మూడు పొరలవుతుంది. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, నూనె, కొవ్వు పైన తెట్టు కడతాయి. నడుమ ఉన్న నీరు బయటికి వెళ్లి, చిల్లుల పైపుల్లోంచి నేలలోకి ఇంకుతుంది. గాలి అక్కర్లేని బాక్టీరియా మడ్డిని కొంతవరకే జీర్ణం చేయగలవు. మిగిలినదాన్ని మూడు నుంచి ఐదేళ్లకోసారి తోడించాలి. తోడించడం ఆలస్యమైతే మడ్డి నీటితోపాటు కొట్టుకుపోయి, ఇంకే నేలలోని సందులను పూడ్చేస్తుంది. అప్పుడు మురుగు ఇంట్లోకే వెనక్కి తన్నుతుంది. ఆ నేలను బాగుచేయించడం ట్యాంకు తోడించడం కన్నా ఎన్నో రెట్లు ఖర్చు.

ఇక కాగితం. అది చెక్క గుజ్జులోని సెల్యులోజ్ పోగుల అల్లిక. పోగులను పట్టి ఉంచేవి ముఖ్యంగా హైడ్రోజన్ బంధాలు. తడి తగలగానే నీటి అణువులు పోగుల మధ్య దూరి ఆ బంధాలను తెంపుతాయి, అల్లిక విడిపోతుంది. టాయిలెట్ పేపర్ తడిస్తే చినిగిపోవడం దాని గుణం, దాన్ని అలాగే తయారుచేస్తారు. వంటింటి పేపర్ టవల్‌లో ఉన్నదీ ఆ సెల్యులోజే. అయితే తడిసినా చినగకూడదు కాబట్టి గుజ్జులో ఒక రెసిన్ కలుపుతారు. అది పోగుల మధ్య నీటికి లొంగని బంధాలు వేస్తుంది. ముక్కు తుడుచుకునే టిష్యూల్లో కూడా చాలావాటిలో ఇలాంటి రెసిన్ ఉంటుంది. టాయిలెట్ పేపర్ అయిపోయిన రోజున వీటిని వాడితే వాడండి, ఫ్లష్ మాత్రం చేయకండి.

వెట్ వైప్స్ సంగతి మరీ అన్యాయం. వాటిలో చాలావాటికి పాలియెస్టర్ వంటి ప్లాస్టిక్ పోగులుంటాయి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద, మురుగు కాలువలో 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున గడ్డకట్టి కనిపించినది కొవ్వూ వైప్సూ కలిసిన ముద్దే. పొట్లం మీద ‘ఫ్లషబుల్’ అని రాసి ఉన్నా నమ్మకండి. కాలువలో ఒరిపిడికి చిరిగేది, నీరు నిలిచి ఉండే ట్యాంకులో చిరగకపోవచ్చు.

కాగితాన్ని ఎంచుకోవడానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. మూత ఉన్న సీసాలో సగం దాకా నీళ్లు పోసి, నాలుగు ముక్కల కాగితం వేసి కాసేపు కుదపండి. మంచిదైతే పోగులుగా విడిపోయి నీళ్లు మబ్బుగా మారతాయి. పక్కనే మరో సీసాలో పేపర్ టవల్ వేసి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. మామూలుగా ఒకటి రెండు పొరల కాగితం త్వరగా విడిపోతుంది, మందపాటి మూడు పొరలది ఆలస్యం చేస్తుంది. పాత కాగితంతో మళ్లీ చేసినదాంట్లో పోగులు పొట్టివై ఉంటాయి గనుక అదీ ఈ పనికి బాగుంటుంది. ‘వెదురు’, ‘బయోడిగ్రేడబుల్’ అన్న మాటలు ఎంత త్వరగా విడిపోతుందో చెప్పవు. సీసాయే చెప్పాలి.

విడిపోవడమూ జీర్ణం కావడమూ ఒకటి కావు. విడిపోయిన సెల్యులోజ్‌ను బాక్టీరియా చాలా నెమ్మదిగా తింటాయి, చాలా భాగం మడ్డిలోనే చేరుతుంది. కాబట్టి ఎంత మంచి కాగితమైనా తక్కువ వాడటమే మేలు. ఇక్కడ మన అలవాటు నిజంగా గొప్పది. నీళ్లతో కడుక్కుని, తడి అద్దుకోవడానికే కాగితం వాడితే రెండు మూడు ముక్కలు చాలు. బిడే గొట్టం బిగించుకోవడం పెద్ద పనేమీ కాదు. ట్యాంకులో వేయమని అమ్మే బాక్టీరియా పొడులకు డబ్బు పోయకండి, కావలసిన బాక్టీరియా మన మలంలోనే ఉన్నాయి. వేపుడు మూకుడులో మిగిలిన నూనెను మాత్రం సింకులో పోయకుండా కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయండి.

ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. పిల్లల వైప్స్, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు ట్యాంకులో పడితే, తోడే లారీ గొట్టానికి అడ్డుపడతాయి. అప్పుడు లోపలికి మనిషిని దింపుతారు. లోపలి విషవాయువులు క్షణాల్లో ప్రాణం తీయగలవు. రక్షణ లేకుండా అలా దింపడాన్ని 2013 నాటి కేంద్ర చట్టం నేరమంది, అయినా చావులు ఆగలేదు. మీ బాత్రూంలో ఇవాళే మూత ఉన్న బుట్ట పెట్టండి. ఇంటికొచ్చే చుట్టాలకు, ముఖ్యంగా చంటిబిడ్డల తల్లులకు, అది ఎందుకు పెట్టారో చెప్పండి.