నదులు తేని ఒండ్రు, సముద్రము తినిన తీరము

ఉదయగిరి కొండల నడుమ మెట్ట సేద్యము చేయు మనకు సముద్రతీరముతో పని యేమి యని సభ్యులు కొందఱు అడుగవచ్చును. వాన కురిసినప్పుడు మన చేలనుండి కొట్టుకొనిపోవు ఎఱ్ఱమట్టి బొగ్గేరు, బీరాపేరు వంటి వాగులబడి పెన్నకు చేరును. పెన్న ఊటుకూరు చెంత సముద్రమున కలియును. ఆ మట్టికి నడుమ అడ్డుపడిన యెడల తీరమున ఏమగునో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు కాకాని నాగేశ్వరరావుగారు కృష్ణా గోదావరుల విషయమున లెక్కగట్టి చూపిరి.

ఆయనయు, ఆయన సహచరులును, అహమ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తన కేంద్రము శాస్త్రజ్ఞులును కలసి చేసిన ఈ పరిశోధన 2010లో ప్రకటితమైనది. 1930 ప్రాంతపు పటములు మొదలు 2008 నాటి ఉపగ్రహ చిత్రముల వఱకు ఒకదానిపై నొకటి పఱచి తీరరేఖను పోల్చిరి. 336 కిలోమీటర్ల తీరమున, 1965 మొదలు 2008 వఱకు, క్రొత్తగా మేటవేసిన నేలను మినహాయించిన పిమ్మట కూడ, 76 చదరపు కిలోమీటర్ల భూమి సముద్రము పాలైనది. మన లెక్కలో నది సుమారు 18,800 ఎకరములు! గోదావరి 1970-79 నడుమ ఏటేట సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోయుచుండగా, 2000-2006 నాటికి అది 5 కోట్ల 72 లక్షల టన్నులకు తగ్గెను. కృష్ణ సంగతి మఱింత విచారకరము: 1960ల చివర 90 లక్షల టన్నులుండినది, 2000 తరువాత 4 లక్షలకు దిగెను. మిగిలినది జలాశయముల అడుగున నిలిచిపోవుచున్నది.

ఆకాశమునుండి తీరరేఖ నెట్లు గుర్తింతురు? కంటికి కానరాని పరారుణ కాంతిని నీరు మ్రింగివేయును. నేలయు, పచ్చని ఆకును దానిని త్రిప్పికొట్టును. కావున చిత్రమున నీరు నల్లగను, నేల తెల్లగను తోచి హద్దు స్పష్టపడును. అయితే పోటునాటి చిత్రమును పాటునాటి చిత్రముతో పోల్చినచో లేని కోత కనబడును. ఈ జాగ్రత్త లేని పోలిక పనికిరాదు. నీలి, ఆకుపచ్చ కాంతులు మాత్రము తేటనీటిలో కొంతలోతు దిగును. మన్నారు సింధుశాఖలోను, లక్షద్వీపములలోను పగడపు దిబ్బలను ఉపగ్రహముతో చిత్రించుటకు వీలైనది అందుచేతనే. బురద నదులు కలియు మన తీరమున పగడములు పెరుగవు.

ఆనకట్టలను దూషించుట నా యుద్దేశము గాదు. సోమశిల నీటితో వరి పండించు ఆత్మకూరు రైతు ఆ మాట వినడు, వినవలసిన పనియు లేదు. కాని 78 టీయంసీల సామర్థ్యముతో తలపెట్టిన ఆ జలాశయమునకు కడప వైపునుండి వచ్చు బురద అందే చేరుచుండును. చేరిన దానిని కొలుచుటకును ఉపగ్రహమే సాధనము: నీరు దిగుచున్నకొలది నీటి వైశాల్యమును పలుమాఱులు చిత్రించి, ప్రతి మట్టమునను ఎంత నీరు పట్టునో గణింతురు. పూర్వపు లెక్కకంటె తగ్గినది పూడిక.

మన చెఱువులకు అంత లెక్క అక్కఱలేదు. వేసవిలో గట్టుపై నిలిచి చూచిన చాలును. చెఱువునుండి తీసిన మట్టి ఎఱ్ఱచల్క నేలకు తేమను నిలుపును. అధికారుల అనుమతి పొంది, మొదట కొంత మట్టిని పరీక్షకు పంపుడు. చవుడు గల మట్టిని చేనికి తోలరాదు. తూముమట్టమునకు దిగువ లోతుగా త్రవ్విన గోతులలోని నీరు పొలమునకు పాఱదు. ఇక చేల వాలునకు అడ్డముగా గట్లు వేసి, గట్లపై గడ్డి పెంచినచో పైనుండి వచ్చు మట్టి చెఱువువఱకు చేరుట తగ్గును. ఆ గడ్డి పశువులకు మేతయు నగును.