విపత్తు సాయం: అడిగే లెక్క వేరు, ఇచ్చే లెక్క వేరు

తుపాను తీరం దాటిన కొద్ది రోజులకే భారతదేశంలో రెండు అంకెలు ప్రచారంలోకి వస్తాయి. ఒకటి రాష్ట్ర ప్రభుత్వం అడిగిన సాయం. రెండోది కేంద్రం విడుదల చేశామని చెప్పే మొత్తం. ఈ రెండింటి మధ్య తేడాను ఒక పక్షం వివక్ష అంటుంది, మరో పక్షం రాజకీయ ఆరోపణ అంటుంది. అధికారం చేతులు మారితే ఈ మాటలూ చేతులు మారతాయి.

'జాతీయ విపత్తు' వాదనే ఇందుకు మంచి ఉదాహరణ. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్‌ను వరదలు ముంచెత్తినప్పుడు దానిని జాతీయ విపత్తుగా ప్రకటించాలని ప్రతిపక్షంలో ఉన్న బీజేపీ డిమాండ్ చేసింది. అలా ప్రకటించే నిబంధనే లేదని యూపీఏ ప్రభుత్వంలోని హోంశాఖ సహాయమంత్రి ముళ్లపల్లి రామచంద్రన్ పార్లమెంటుకు తెలిపారు. 2018 ఆగస్టులో కేరళ వరదల సమయంలో అదే డిమాండ్‌ను కాంగ్రెస్ అధ్యక్షుడి హోదాలో రాహుల్ గాంధీ వినిపించారు. నిబంధన లేదని చెప్పడం ఈసారి ఎన్‌డీఏ ప్రభుత్వం వంతయింది.

చట్టం ఏం చెబుతోంది?

సాంకేతికంగా రెండు ప్రభుత్వాలు చెప్పిందీ నిజమే. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో 'జాతీయ విపత్తు' అనే ప్రకటనకు చోటు లేదు. 'తీవ్ర స్వభావం గల విపత్తు'గా గుర్తించే పద్ధతి మాత్రం ఉంది. అలా గుర్తిస్తే దేశంలోని ఏ ఎంపీ అయినా తన నియోజకవర్గ అభివృద్ధి నిధుల నుంచి బాధిత ప్రాంతానికి కోటి రూపాయల వరకు కేటాయించవచ్చు. 2024 జులై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడగా, ఈ గుర్తింపు ఆ ఏడాది డిసెంబరులో గానీ రాలేదు.

డబ్బు ఎలా వస్తుంది?

తొలి ఆధారం రాష్ట్ర విపత్తు స్పందన నిధి. ఇందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు కేంద్రం 90 శాతం ఇస్తుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఈ నిధికి 1,28,122 కోట్ల రూపాయలు నిర్ణయించింది. గత వ్యయం, విస్తీర్ణం, జనాభా, విపత్తు ముప్పు ఆధారంగా రాష్ట్రాల వాటాలు ఖరారయ్యాయి.

ఇది చాలనప్పుడే జాతీయ విపత్తు స్పందన నిధి అవసరమవుతుంది. రాష్ట్రం వినతిపత్రం పంపుతుంది, కేంద్ర బృందం పర్యటిస్తుంది, చివరకు కేంద్ర హోంమంత్రి అధ్యక్షతన ఉన్నతస్థాయి కమిటీ మొత్తాన్ని నిర్ణయిస్తుంది.

అంకెలు ఎందుకు కలవవు?

ఈ నిధులు తక్షణ ఉపశమనానికే గానీ నష్టపరిహారానికి కావు. 2022-26 నిబంధనల ప్రకారం మృతుని కుటుంబానికి 4 లక్షల రూపాయలు, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1.20 లక్షలు ఇస్తారు. పంట 33 శాతానికి మించి దెబ్బతింటే వర్షాధార భూమికి హెక్టారుకు 8,500, నీటివసతి ఉన్న భూమికి 17,000 రూపాయలు చెల్లిస్తారు. అదీ రెండు హెక్టార్ల వరకే.

రాష్ట్రాలు అడిగే మొత్తంలో రోడ్లు, వంతెనల శాశ్వత పునర్నిర్మాణం కూడా కలుస్తుంది. కేంద్రం ప్రకటించే మొత్తంలో ఆర్థిక సంఘం ప్రకారం ఎలాగూ రావలసిన వాటా కలుస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను, దక్షిణ జిల్లాల వరదల తర్వాత తమిళనాడు దాదాపు 37 వేల కోట్ల రూపాయలు కోరింది. 900 కోట్లు ఇచ్చామని కేంద్రం చెబితే, అది ఏటా వచ్చే వాటాయేనని రాష్ట్రం బదులిచ్చింది. ఇద్దరూ తమకు అనుకూలమైన అంకెనే ప్రజల ముందుంచారు.

వివక్ష ఆరోపణ నిజమా?

2024 అక్టోబరు 1న కేంద్రం 14 వరద బాధిత రాష్ట్రాలకు నిధులు విడుదల చేసింది. ఎన్‌డీఏ పాలనలోని ఆంధ్రప్రదేశ్‌కు 1,036 కోట్లు, కాంగ్రెస్ పాలనలోని తెలంగాణకు 416.80 కోట్ల రూపాయలు దక్కాయి. పైకి ఇది పక్షపాతంలా కనిపిస్తుంది. కానీ రాష్ట్ర నిధిలో వాటాలు ఆర్థిక సంఘం సూత్రం ప్రకారమే వస్తాయి, పాలక పార్టీని బట్టి మారవు.

విచక్షణకు తావున్నది మరోచోట. 2024 జులై బడ్జెట్‌లో బిహార్ వరద నియంత్రణకు 11,500 కోట్ల రూపాయల అంచనాతో పథకాలు ప్రకటించారు. ఉత్తరాఖండ్, సిక్కింలకు సాయం చేస్తామన్నారు. హిమాచల్ ప్రదేశ్‌కు మాత్రం సాయం బహుళపక్ష అభివృద్ధి సంస్థల ద్వారా అందుతుందని చెప్పారు. వయనాడ్ పునర్నిర్మాణానికి 2025 ఫిబ్రవరిలో మంజూరైన 529.50 కోట్లు వడ్డీ లేని రుణమే గానీ గ్రాంటు కాదు. దానిని మార్చి నెలాఖరులోగా ఖర్చు చేయాలన్న షరతు కూడా పెట్టారు. బిహార్‌కు నేపాల్ నుంచి వచ్చే నదుల ముప్పు వాస్తవమే. అయినా ఒకరికి పథకం, మరొకరికి అప్పు ఎందుకన్న ప్రశ్నకు వెల్లడైన కొలమానం లేదు.

రాష్ట్రాలూ జవాబుదారీ కావాలి. వయనాడ్ కేసులో విపత్తు నిధి లెక్కలు స్పష్టంగా చూపలేదని కేరళ ప్రభుత్వాన్ని ఆ రాష్ట్ర హైకోర్టు 2024 డిసెంబరులో తప్పుపట్టింది.

కరవు సాయం కోసం కర్ణాటక 2024 మార్చిలో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 18,171 కోట్ల రూపాయలు కోరిన ఆ రాష్ట్రానికి ఏప్రిల్‌లో దాదాపు 3,450 కోట్లు విడుదలయ్యాయి. కరవు ప్రకటించింది అంతకు ముందు ఏడాదిలో. ఏ పద్దుకు ఎంత అడిగారు, ఎంత ఒప్పుకున్నారు, ఎంత తగ్గించారు, ఎందుకు తగ్గించారు అనే వివరాలు ప్రతి విపత్తు తర్వాత ఒకే పట్టికలో బయటపెడితే వివక్ష ఆరోపణలోని నిజానిజాలు ప్రజలే తేల్చుకోగలుగుతారు. ఆ పట్టిక లేనంతకాలం పంట పోయిన రైతుకు అందేది ఆలస్యంగా వచ్చే సాయం, దానికి ముందే వచ్చే వాగ్వాదం.