సోయా విత్తనానికి వేసవి గండం

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో అక్టోబరులో నూర్చిన సోయా, తొలకరికి విత్తనంగా అమ్ముడుపోవాలంటే ఎనిమిది నెలలు గోదాములో ప్రాణంతో ఉండాలి. మొలక పోయిన సరుకును నూనె మిల్లు కొంటుంది గాని, గింజ ధరకే కొంటుంది. శుద్ధి, సంచులు, వడ్డీ వ్యాపారి నెత్తినే పడతాయి.

ప్రమాణాల ప్రకారం వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలి. సోయాకు 70 చాలు. మామూలు సంచుల్లో తేమ వరికి 13, సోయాకు 12 శాతం మించరాదు. సోయాకు సడలించిన ఆ 70 కూడా జూన్ నాటికి నిలవడం కష్టమే. గింజ పైపొర పలుచన. మొలక ఆ పొర కిందనే ఉంటుంది. నూనె పాలు ఎక్కువ. హమాలీ బస్తాను ఎత్తు నుంచి పడవేసినా, కొక్కెం దించినా తగిలే దెబ్బ కంటికి కనపడదు, మొలక పరీక్షలో బయటపడుతుంది.

అమెరికా శాస్త్రజ్ఞుడు హారింగ్టన్ చెప్పిన ఉజ్జాయింపు లెక్క ఒకటి ఉంది. తేమ ఒక శాతం తగ్గితే విత్తనం ఆయుస్సు రెట్టింపు. వేడి 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపే. అంటే 13 శాతం తేమతో కట్టిన బస్తా కన్న 11 శాతంతో కట్టినది నాలుగింతలు నిలవాలి. మే నెలలో ఈ జిల్లాల్లో ఎండ 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. రేకుల షెడ్డు సంగతి చెప్పనక్కరలేదు. వేడి వ్యాపారి చేతిలో లేదు, ఆరబెట్టడం ఉంది. చెక్క బల్లల మీద, గోడకు ఎడంగా, ఐదారు బస్తాల ఎత్తుకు మించకుండా పేర్చాలి. యూరియాతో కలిపి ఉంచరాదు.

కరీంనగర్ వైపు హుజూరాబాద్, జమ్మికుంట ప్రాంతాల హైబ్రిడ్ వరి విత్తనానికి ఇంత చిక్కు లేదు. యాసంగి పంట ఎండల్లోనే చేతికి వస్తుంది. మిగులు సరుకు వానాకాలపు చెమ్మ పీల్చకముందే కోల్డ్ స్టోరేజికి చేరితే సరి. ఆ కిరాయి హైబ్రిడ్ వరి ధర భరిస్తుంది, సోయా ధర భరించదు.

చాలామంది తొందరపడేది మందు పట్టించడంలో. మందు కలిపిన విత్తనం తిండికి, దాణాకు, నూనెకు వాడరాదని సంచిపై రాయాలని 1968 విత్తన నిబంధనలు చెబుతాయి. ఆ తర్వాత మొలక తప్పితే మిల్లు దారి కూడా మూసుకుపోతుంది. మే నెలలో 100 గింజలు తడి గోనెలో చుట్టి, ఎనిమిదో రోజున లెక్క చూసుకున్నాకే మందు పట్టించడం మేలు. ధ్రువీకరణ చీటీకి తొలి పరీక్ష నుంచి 9 నెలల గడువుంటుంది. చీటీకి గడువున్నా గింజకు ఉండకపోవచ్చు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, పరిహారం కోరవచ్చునని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2012లో తేల్చింది.

యాసంగిలో పండించిన సోయాకు దిగుబడి తక్కువైనా గోదాము వాసం నెలా రెండు నెలలే. బేరానికి ముందు సరుకు ఏ కోతదో అడగడం అందుకే.