లైట్ వెలిగింది, కర్సర్ కదల్లేదు

సంక్రాంతి సెలవులకి ఊరెళ్లిన రెండో రోజే మా బాబాయి జిరాక్స్ షాపులో మౌస్ పాడైంది. హాల్ టికెట్ ప్రింట్ల కోసం ఇద్దరు పిల్లలు బయట నిలబడి ఉన్నారు. "నువ్వు చదివేది కంప్యూటర్లే కదరా, ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు బాబాయి.

సిస్టమ్ బాగా పాతది. పనిచేసే యూఎస్‌బీ పోర్టులు మూడే. ప్రింటర్‌కి ఒకటి, కీబోర్డుకి ఒకటి, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లకి ఒకటి. పాడైన మౌస్ వెనక గుండ్రంగా, ఆకుపచ్చగా ఉండే పీఎస్/2 పోర్టుకి పెట్టింది. బజారుకెళ్లి ఒక కొత్త యూఎస్‌బీ మౌస్, దాన్ని ఆ గుండ్రటి పోర్టుకి తగిలించే చిన్న ఆకుపచ్చ కన్వర్టర్ కొనుక్కొచ్చా. పెట్టగానే మౌస్ కింద ఎర్ర లైట్ వెలిగింది. కర్సర్ మాత్రం కదల్లేదు. రీస్టార్ట్ చేసినా అంతే.

కన్వర్టర్ డూప్లికేట్ ఇచ్చాడేమో అని షాపువాణ్ణి తిట్టుకున్నా. కానీ తప్పు నాదే.

పీఎస్/2 పోర్టు 1987లో ఐబీఎం కంప్యూటర్లతో వచ్చింది. యూఎస్‌బీ 1996లో వచ్చింది. రెండింటిలోనూ మౌస్‌కి కావాల్సినవి నాలుగు తీగలే. రెండు కరెంటుకి (5 వోల్టులు, గ్రౌండ్), రెండు మాటలకి. తేడా అంతా ఆ మాటల్లో ఉంది. పీఎస్/2 మౌస్ కదిలినప్పుడు తనంతట తానే కంప్యూటర్‌కి చెప్తుంది. ఒక తీగలో డేటా, ఇంకో తీగలో తాళం వేసినట్టు క్లాక్. యూఎస్‌బీ మౌస్ అలా కాదు, అడిగితేనే చెప్తుంది. మామూలు మౌస్‌ని కంప్యూటర్ సెకనుకి 125 సార్లు "కదిలావా?" అని అడుగుతూనే ఉంటుంది.

ఇక ఆ ఆకుపచ్చ కన్వర్టర్. దాని లోపల చిప్ ఉండదు, ఉత్త తీగలే. ఆకారం మారుస్తుంది గానీ భాష మార్చదు. కరెంటు అందింది కాబట్టి లైట్ వెలిగింది. కొత్త మౌస్‌కి యూఎస్‌బీ భాష ఒక్కటే వచ్చు, అవతల పోర్టుకి అది రాదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మౌనం!

మరి ఆ కన్వర్టర్లు ఎందుకున్నాయి? ఒకప్పుడు కొన్ని మౌస్‌లకి రెండు భాషలూ వచ్చేవి. పవర్ రాగానే ఏ పోర్టులో ఉన్నామో చూసుకుని దానికి తగ్గట్టు మాట్లాడేవి. వాటికోసమే ఈ కన్వర్టర్. చాలాసార్లు అది మౌస్ డబ్బాలోనే వచ్చేది.

అలాంటిది అటక మీద ఉన్న పాత సామాన్ల పెట్టెలో దొరికింది. సిస్టమ్ పూర్తిగా ఆపేసి, అదే కన్వర్టర్‌తో పెట్టి ఆన్ చేశా. కర్సర్ కదిలింది! (పీఎస్/2లో ఆన్‌లో ఉండగా పెట్టడం, తీయడం చేయకండి. పోర్టు పాడయ్యే అవకాశం ఉంది.)

మీకు పనికొచ్చేవి ఇంకో మూడు:

పాత పీఎస్/2 మౌస్‌ని యూఎస్‌బీ పోర్టుకి పెట్టాలంటే ఉత్త తీగల కన్వర్టర్ చాలదు. లోపల చిప్ ఉన్నది కావాలి.

యూఎస్‌బీ మౌస్‌ని టైప్-సి ఫోన్‌కి ఓటీజీతో పెడితే పనిచేస్తుంది, ఫోన్ ఓటీజీని సపోర్ట్ చేస్తే చాలు. ప్లగ్గు మారినా రెండు వైపులా యూఎస్‌బీ భాషే.

వైర్‌లెస్ మౌస్ డాంగిల్ పోతే, రూమ్‌మేట్ డాంగిల్ పెట్టినంత మాత్రాన పనిచేయదు. మౌస్ తనతో జత కట్టిన డాంగిల్‌తోనే మాట్లాడుతుంది.

కాబట్టి కొనేముందు "ప్లగ్గు పడుతుందా?" అని మాత్రమే కాదు, "భాష కలుస్తుందా?" అని కూడా చూసుకోండి.

అన్నట్టు, ఆ ఇద్దరు పిల్లలు? నేను బజారు నుంచి వచ్చేలోపే వెళ్లిపోయారట. బాబాయి ట్యాబ్, ఎంటర్, కంట్రోల్-పీ నొక్కి హాల్ టికెట్లు ఇచ్చి పంపేశాడు. ఆయనది డిగ్రీ, బీకాం!