పచ్చియాకుల నిమ్మరసము: కూరలకు, ధాన్యములకు

భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. ఆ కర్మాగారములో పనికై ఉత్తరాంధ్ర జిల్లాలనుండి వెళ్ళిన తెలుగు కుటుంబములు పెక్కు. గోంగూర, చింతపండు, ఆవకాయ వారి వెంట వెళ్ళినవి. అచటి పల్లెవాసుల వంటయింట కొత్తిమీర, టమాటలతో నూరిన పచ్చడి కలదు. రాత్రి అన్నమును నీటిలో నానవేసి, ఉదయమున ఉల్లిపాయతోను పచ్చడితోను తిను ‘బోరే బాసి’ కలదు. మన చద్దియన్నమునకు అది తోబుట్టువు. ఈ రెండు వంటయిండ్లకును పరిచితమైన వస్తువులతోనే, పొయ్యి వెలిగింపకుండ సిద్ధమగు ఒక రసమును గూర్చి యిట వివరింపబడుచున్నది. ఫ్రెంచివారు దీనివంటి దానిని ‘వినెగ్రెట్’ అందురు. వారు నూనెలో వెనిగరు కలుపుదురు. మనకు నిమ్మపండు మేలు.

మేలనుటకు కారణము రుచి మాత్రమే కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లవరకు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. రక్తహీనతకు కారణములు పలు విధములు. వానిలో ఇనుము చాలకుండుట ముఖ్యమైనది. ఇనుమును కరగించు ఊరిలో నివసించినంత మాత్రమున నెత్తుటికి ఇనుము చేరదు గదా! మన భోజనములో ఇనుము లేకపోలేదు. పప్పులలోను, చిరుధాన్యములలోను, ఆకుకూరలలోను కలదు. కాని గింజలలోని ఫైటేటులను పదార్థములు దానిని పట్టియుంచుటచే, ప్రేగులు అందు స్వల్పభాగమును మాత్రమే గ్రహించును. అదే ముద్దతో ‘సి’ విటమిను కడుపులోనికి పోయినచో ఇనుము సులభముగా గ్రహింపబడు రూపమును పొందును. నిమ్మరసములో ఈ విటమిను కలదు, వెనిగరులో లేదు. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిరపకాయలు సైతము దానిని కొంత ఇచ్చును.

అయితే ఈ విటమిను వేడికి నిలువదు. నిమ్మకాయ పులిహోరలో రసమును పొయ్యిమీదనే పోసి మరిగించు ఇల్లాలు పులుపును మిగుల్చుకొని విటమినును చాలవరకు పోగొట్టుకొనుచున్నది. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలును పనికిరావు. పులుపునకు రాగి కరగుటయే కాక, ఆ రాగి తగిలినచో విటమిను త్వరగా నశించును. గాజు గిన్నెగాని, తుప్పుపట్టని ఉక్కు గిన్నెగాని తీసికొనవలెను.

నలుగురికి చాలునట్లు చేయుటకు, అరచెంచా ఆవపొడిని ఒక చెంచా చన్నీటిలో కలిపి పది నిమిషములు ఉంచవలెను. ఆవఘాటు నీరు తగిలిన తరువాతనే పుట్టును; ముందే పులుపు తగిలినచో ఆ ఘాటు చక్కగా రాదు. పిదప మూడు పెద్ద చెంచాల నిమ్మరసము, పావుచెంచా ఉప్పు, చిటికెడు బెల్లపు పొడి వేసి కలిపి, మూడు పెద్ద చెంచాల నూనెను సన్నని ధారగా పోయుచు చిలుకవలెను. ఫ్రెంచి వంటలో పులుపునకు మూడు రెట్లు నూనె పోయుట వాడుక. మనకు అంత అక్కరలేదు. నూనె, నీరు కలియవని చిన్నపిల్లలకును తెలియును. కాని ఆవపొడి నూనె బిందువులను కొంతసేపు విడదీసి నిలుపును, రసము చిక్కబడును. నువ్వులనూనెగాని, వేరుశనగనూనెగాని, భిలాయి వారికి అలవాటైన ఆవనూనెగాని తగును. ఆవనూనెను మూత ముద్రించిన సీసాలోనే కొనవలెను. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి గింజల నూనె కలిసిన ఆవనూనె తిని పలువురు నీరువాపు వ్యాధి పాలైరి, కొందరు మరణించిరి.

చివరకు గుప్పెడు కొత్తిమీర, అరగుప్పెడు పుదీనా, ఒక పచ్చిమిరపకాయ సన్నగా తరిగి వేయవలెను. ఆకులను వేళ్ళు తీసివేసి, రెండు మూడు నీళ్ళలో కడిగి, చివరిసారి త్రాగునీటితో కడుగుట మరువరాదు. పచ్చియాకుల మట్టిలో నులిపురుగుల గ్రుడ్లును, టైఫాయిడు క్రిములును ఉండవచ్చును. తరిగి కడుగుటకంటె కడిగి తరుగుట మంచిది.

ఈ రసమును దేనిపై పోయవలెనన్న ప్రశ్నకు తెలుగువారికి సమాధానము ఎరుకయే. శ్రీరామనవమినాటి వడపప్పుపై పోసి చూచినచో ఇక వేరే చెప్పనక్కరలేదు. ఉడికిన సెనగలు, కీరదోస, తురిమిన క్యారెట్టు దీనికి తగినవి. రసములోని నూనె వలన క్యారెట్టులోని కెరోటినును దేహము చక్కగా గ్రహించును. ఛత్తీస్‌గఢ్‌లో ‘కోదో’ అనబడు అరికెల అన్నమును, ‘కుట్కీ’ అనబడు సామల అన్నమును గోరువెచ్చగా చల్లారనిచ్చి కలుపవలెను. పెసర మొలకలను గర్భిణులకు, చిన్నబిడ్డలకు పచ్చివి పెట్టక, ఆవిరిపై ఉడికించి చల్లార్చిన పిమ్మట రసము కలిపి పెట్టుట క్షేమము.

షిఫ్టుపనికి వెళ్ళువారికి డబ్బా కట్టునపుడు రసమును అన్నములో కలుపక, చిన్న సీసాలో వేరుగా ఇచ్చి, తినబోవునపుడు కలుపుకొనుమని చెప్పవలెను. ఏ పూటకు ఆ పూట చేయుట ఉత్తమము. వెల్లుల్లిని నూనెలో వేసి బయట నిలువయుంచుట ప్రమాదకరము. భోజనము ముగియగనే టీ త్రాగు అలవాటును ఒక గంట వెనుకకు జరుపవలెను. టీలోని టానినులు ఇనుమును పట్టియుంచును.

రక్తహీనత నిర్ధారణయైన వారికి ఈ రసము మందునకు బదులు కాదు. వైద్యుడు వ్రాసిన ఇనుపమాత్రలను మానరాదు. ఛత్తీస్‌గఢ్ ప్రాంతములో సికిల్ సెల్ వ్యాధి విస్తారముగా కలదు. అది వంశానుగతము, ఆహారముచే కుదురునది కాదు. దాని నిర్మూలనకై జాతీయ కార్యక్రమము 2023 జులై 1వ తేదీన మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రారంభమైనది. కావున పాలిపోయిన బిడ్డకు ఇంటిలోనే ఇనుపమాత్రలు మొదలిడక, ముందు సమీప ఆరోగ్యకేంద్రమున రక్తపరీక్ష చేయింపవలెను.