కంటికి కనబడని పూత

పాత మోటారుబండ్లను బాగుచేసి నడుపుకొను వేడుక గలవారు నేడు అనేక దేశములలో ఉన్నారు. వారు తమ బండిని పరులకు చూపునపుడు మొదట మెఱయుచున్న పైరంగును చూపుదురు. పిమ్మట ఆసనములను, దీపములను, చక్రములను చూపుదురు. బండి క్రిందికి వంగి చూడుడని పిలుచువారు అరుదు. కాని ఆ బండి ఇంకను ఇరువదియేండ్లు నడచునా, మూడేండ్లకే మరల వెల్డింగుశాలకు చేరునా అను ప్రశ్నకు సమాధానము, ఎవరును చూడని ఆ అడుగుభాగముననే ఉన్నది. ఆ భాగమును శుభ్రపఱచి, పూతపూసి, కాపాడు విధానమే నేటి ప్రసంగ విషయము.

ఉదాహరణముగా జర్మనీదేశపు ఫోక్స్‌వ్యాగన్ వ్యానును తీసికొందము. 1947వ సంవత్సరమున బెన్ పాన్ అను డచ్చి వర్తకుడు గీసిన చిన్న రేఖాచిత్రము దీనికి మూలము. 1950 మార్చిలో వోల్ఫ్స్‌బర్గు కర్మాగారమున దీని ఉత్పత్తి ప్రారంభమైనది. 1956లో హానోవరునకు మారినది. ముందరి అద్దము రెండు పలకలుగా నున్న తొలి నమూనా జర్మనీలో 1967 వరకును, ఒకే వంపుటద్దము గల రెండవ నమూనా ఆ యేటి నుండి 1979 వరకును తయారైనవి.

ఈ వ్యానునకు అడుగుభాగమే ప్రాణమనుటకు కారణము కలదు. 1949లో తొలి ప్రయోగపు బండిని చిన్నకారు అడుగుపలకపై నిర్మించిరి. బరువు మోయలేక ఆ పలక వంగిపోయినది. అంతట ఇంజనీర్లు ఆ పద్ధతిని విడిచి, రెండు పొడవైన ఉక్కు దూలములను, వాటిని కలుపు అడ్డకమ్ములను, ప్రక్కలకు చాచిన చేతులను, పైనున్న దేహముతో కలిపి వెల్డింగుచేసిరి. కనుక ఈ బండికి ఛాసీ వేఱు, దేహము వేఱు అను భేదము లేదు. తలుపుల క్రిందనున్న గడపరేకు కూడ బరువు మోయుచుండును. అది తుప్పుపట్టి తినిపోయినచో చెడునది అందమొక్కటియే కాదు. బండి బలమే పోవును. జాకీ పెట్టు తావు లోనికి క్రుంగును. తలుపులు సరిగా మూయబడవు. ప్రమాదము సంభవించినపుడు ముందరి ఆసనమున కూర్చున్నవారిని కాపాడవలసిన ఉక్కు కాగితమువలె ముడుచుకొనిపోవును.

ఇక తుప్పు ఎట్లు పట్టును? ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూడును కలిసినచోట తుప్పు పుట్టునని మనమెఱుగుదుము. అందు ఉప్పు చేరినచో నీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించి ఆ పని వేగవంతమగును. ఐరోపాలో చలికాలమున బాటలపై మంచు గడ్డకట్టకుండ ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీటిని చక్రములు చిమ్మి బండి అడుగున ప్రతి సందులోనికిని చేర్చును.

ఇందొక వింత కలదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి శాస్త్రజ్ఞుడు ఎవాన్సు 1920 దశాబ్దిలో ఒక సులభమైన ప్రయోగమును చేసి చూపెను. శుభ్రమైన ఇనుపరేకుపై ఒక ఉప్పునీటిచుక్కను ఉంచెను. గాలి బాగుగా తగులు అంచులవద్ద ఇనుము చెడక నిలిచినది. గాలి చొరని నడిమిభాగమున ఇనుము కరగి గుంటపడినది. అనగా, నీరు నిలిచి గాలి తక్కువగా అందుచోటనే లోహము తినబడును. రెండు రేకులు ఒకదానిపై నొకటి కలిసిన అతుకులు, మట్టి మేట వేసిన మూలలు, పగిలిన పూత క్రింది సందులు, ఇవియే తుప్పునకు నివాసములు. అంతియే కాదు, తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎన్నో రెట్లు ఎక్కువ స్థలమును ఆక్రమించును. అతుకులో పుట్టిన తుప్పు మేకువలె పనిచేసి రేకులను విడదీయును. విడిన సందులోనికి మఱింత నీరు చేరును.

ఈ సంగతి తెలిసినచో, పూర్వము చాలమంది చేసిన పొరపాటు మనకు స్పష్టమగును. బండి అడుగున నల్లని తారువంటి దళసరి పూతను దట్టముగా పూసి, ఇక భయము లేదని వారు నమ్మిరి. క్రొత్తలో ఆ పూత మెత్తగా అంటుకొనియే యుండును. ఏండ్లు గడచినకొలది అది ఎండి, బిఱుసెక్కి, బీటలు వాఱును. బీటలో దిగిన ఉప్పునీరు వెలికి రాలేదు. గాలి లోనికి పోలేదు. పైన నల్లగా, నున్నగా కనబడు పూత క్రింద ఉక్కు పొరలు పొరలుగా ఊడిపోవుచుండును. బండిని అమ్మదలచిన కొందఱు తెలిసియే తుప్పుమీద లప్పము పెట్టి, దానిపై క్రొత్త తారు పూయుదురు. కావున, అడుగుభాగమున అప్పుడే పూసిన నల్లపూత కనబడినచో కొనువారు సంతోషింపక, సందేహింపవలెను.

మొదటి పని పరీక్ష. బండిని ఎత్తి, గట్టినేలపై దృఢమైన ఉక్కు స్టాండ్లమీద నిలుపవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రింద దూరినవారు ప్రాణములు కోల్పోయిన సందర్భములు కలవు. ఈ నియమమునకు మినహాయింపు లేదు. పిమ్మట చిన్న సుత్తితో ప్రతి భాగమును మెల్లగా తట్టవలెను. మంచి ఉక్కు ఖంగుమని పలుకును. చెడినది మొద్దుగా పలుకును. మొద్దుగా పలికినచోట స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూచిన నిజము బయటపడును.

రెండవది పాతపూతను తొలగించుట. వేడిగాలి యంత్రముతో మెత్తపఱచి, గీకి తీయుట చాలమంది అనుసరించు మార్గము. పెట్రోలుతో కడుగుట మాత్రము ప్రాణాంతకము; నిప్పురవ్వ ఒక్కటి చాలును. పెట్రోలు ట్యాంకిని, బ్యాటరీని ముందుగానే విప్పి దూరముగా ఉంచిన పిమ్మటనే నిప్పుపని, వెల్డింగుపని చేయవలెను. కండ్లకు అద్దములు, ముక్కునకు తగిన ముసుగు అవసరము.

మూడవది శుభ్రపఱచుట. ఇందు వరుస ముఖ్యము. ముందు జిడ్డును ద్రావకముతో తుడిచి, పిమ్మట ఇనుపతీగల కుంచెతోను గరుకుకాగితముతోను తుప్పును గీకవలెను. జిడ్డు తీయకుండ గీకినచో ఆ జిడ్డు గీతలలోనికి దిగి, పూతను అంటనీయదు. తినిపోయిన రేకును కోసివేసి, మంచి ఉక్కుముక్కను వెల్డింగుచేయవలెను; ఏ రంగును లేని ఉక్కును సృష్టింపజాలదు.

నాల్గవది మొదటి పూత. రెండు డబ్బాలలోని ద్రవములను కలిపి వాడు ఎపాక్సీ ప్రైమరు ఇందులకు శ్రేష్ఠమైనది. సాధారణమైన బూడిదరంగు ప్రైమరు నీటిని కొంత పీల్చుకొనును. ఎపాక్సీ ప్రైమరు నీటిని చాలవఱకు అడ్డగించును. తుప్పును మార్చు ఆమ్లద్రవమును వాడినవారు దాని శేషమును పూర్తిగా కడిగి ఆరబెట్టవలెను. లేనిచో ఎపాక్సీ సరిగా గట్టిపడదు. పూత పూయునపుడు ఉక్కు వేడిమి, గాలిలోని తేమ మంచుగా మాఱు స్థాయికంటె కనీసము 3 డిగ్రీలు ఎక్కువగా ఉండవలెను. తక్కువైనచో కంటికి కనబడని తేమపొర ఉక్కుపై చేరి, పూతతోపాటు లోపలనే చిక్కుకొనును.

ఐదవది అతుకులను మూయుట. ఆరిన ఎపాక్సీపై, వంగినను పగులని రబ్బరువంటి సీలరును ప్రతి అతుకునందును నింపవలెను. దానిపై ఱాళ్ళదెబ్బను ఓర్చుకొను దళసరి పూత, ఆపైన రంగు వేయవలెను. గాలిగొట్టముతో చిమ్ము రెండు డబ్బాల రంగులలో చాలవానియందు ఐసోసయనేటు అను పదార్థము కలదు. అది ఊపిరితిత్తులలో చేరి, జన్మాంతము వదలని ఉబ్బసమును కలిగింపగలదు. గుడ్డముసుగు దానిని ఆపలేదు. బయటినుండి మంచిగాలిని అందించు ముసుగు లేనివారు ఆ పనిని సాధనములు గల పనివారికి ఒప్పగించుట వివేకము.

పూయదగిన చోటులతోపాటు పూయగూడని చోటులును కలవు. బ్రేకుల రబ్బరు గొట్టములు, గ్రీజు ఎక్కించు మొనలు, మరల చుట్లు, విద్యుత్తీగను దేహమునకు బిగించు తావులు, వేడెక్కు పొగగొట్టము, బండి సంఖ్య చెక్కిన భాగము, వీటిని కాగితముతో కప్పవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, నీరు కారిపోవుటకై కర్మాగారమువారు విడిచిన రంధ్రములను మూయరాదు. ఈ సమయముననే బ్రేకుల ఉక్కుగొట్టములను కూడ పరిశీలింపవలెను. తొలినాళ్ళ వ్యానులలో నాలుగు చక్రములకును ఒకే ద్రవమార్గము ఉండెడిది. ఒక్క గొట్టము పగిలినచో కాలిబ్రేకు మొత్తము పోవును. తుప్పుపట్టని రాగి-నికెలు గొట్టములను అమర్చుట మేలు.

చివరిది మైనపుపూత. దూలముల లోపలి బోలుభాగములకు కుంచె చేరదు. సన్నని పొడవైన గొట్టముతో ద్రవరూపమున నున్న మైనమును లోపల చిమ్మినచో, అది సందులలోనికి పాకి నిలుచును. మైనము గట్టిరంగువలె పగులదు. గీతపడినను కొంతవఱకు తానే కలిసికొనును. వెల్డింగు, రంగుపని అంతయు ముగిసిన తరువాతనే దీనిని చిమ్మవలెను. మైనమంటినచోట రంగు నిలువదు, వెల్డింగు చేసినచో మంటలు లేచును. ఆ పిమ్మట నీటిరంధ్రములు పూడలేదని మరల చూడవలెను. ఏటేట చలికాలము ముగియగనే అడుగును మంచినీటితో కడిగి, ఆరబెట్టి, గీతపడినచోట పూతను సరిచేసినచో ఈ శ్రమ చిరకాలము ఫలించును.

బ్రిటనులో 2018 మే నెలనుండి, నలువదియేండ్లు దాటి పెద్దమార్పులు పొందని బండ్లలో చాలవానికి వార్షికపరీక్ష తప్పనిసరి కాకుండ పోయినది. యజమానులు దీనిని సౌకర్యమనుకొనవచ్చును. కాని బాధ్యత పెరిగినది. మునుపు పరీక్షాధికారి దీపము పట్టుకొని చూచిన మూలలను ఇపుడు యజమాని తానే చూడవలెను. కోరి పరీక్ష చేయించుకొనుటకు అడ్డేమియు లేదు. అట్లు చేయించుకొనుట మంచిది.

మన ప్రాంతమున బాటలపై ఉప్పు చల్లువారు లేరు. కాని విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణములవంటి తావులలో సముద్రపుగాలియే ఉప్పును మోసికొనివచ్చును. తీరమున నివసించువారి కిటికీ ఊచలు, గేట్లు ఎంత త్వరగా చెడునో మనము చూచుచునే ఉన్నాము. వ్యానునకు చెప్పిన మాట వాటికిని చెల్లును: గీకక పూసిన రంగు తుప్పునకు దుప్పటి మాత్రమే.

పైరంగు చూపరులకొఱకు, అడుగుపూత ప్రయాణించువారికొఱకు. పిల్లలను ఎక్కించుకొని బండిని బాటమీదికి తీయువాడు, తన వ్యాను ఎంత మెఱయుచున్నదని కాక, దాని అడుగున సుత్తితో తట్టిన ఉక్కు ఎట్లు పలికినదని తలచుకొని బయలుదేరవలెను.