ఆటోని పిలిస్తే మనిషెందుకు పలుకుతాడు?

హఫీజ్‌పేట్ ఎంఎంటీఎస్ స్టేషన్ బయట నిలబడి "ఆటో!" అని కేకేయండి. తల తిప్పేది బండి కాదు, డ్రైవరు. ఎందుకని?

బండికి చెవుల్లేవు కదా! నేరు అర్థం పొసగకపోయేసరికి మన బుర్ర దానితో దగ్గరి సంబంధమున్న మరోదాన్ని పట్టుకుంటుంది. ఇంగ్లిష్‌లో దీన్ని మెటానమీ అంటారు. పక్క స్టేషన్ పేరే చూడండి. 'హైటెక్ సిటీ ఈ ఏడు ఉద్యోగాలివ్వడం లేదు' అంటే ఇవ్వనిది స్థలం కాదు, అక్కడి కంపెనీలు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఆ పేరు మెల్లగా ఒక పరిశ్రమకే గుర్తయింది.

ఇదేదో ఇంగ్లిష్ క్లాసులోనే పుట్టిందనుకోకండి. మన ఆలంకారికులు ఇలాంటి వాడుకను 'లక్షణ' కింద చర్చించారు. 11వ శతాబ్దపు మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో షరతులు కూడా పెట్టాడు: అసలు అర్థానికి అడ్డు రావాలి, కొత్త అర్థానికి దానితో సంబంధం ఉండాలి, పైగా వాడుకైనా, ఏదో ప్రయోజనమైనా ఉండాలి. 'గంగలో పల్లె' అంటే గట్టు మీది పల్లె. ఏటి చల్లదనం, పవిత్రత ఆ మాటతోనే వచ్చేస్తాయి. పాఠ్యపుస్తకాల నిర్వచనాల కన్నా నాకు ఇదే నచ్చుతుంది.

సినెక్డకీ దీనికి దగ్గరి చుట్టం: 'ఇంట్లో అయిదు నోళ్లు' అన్నప్పుడు భాగంతో మొత్తాన్ని చెబుతున్నాం.

మెటఫర్ వేరు. దానికి పోలిక కావాలి. అనుమానమొస్తే మధ్యలో 'లాంటి' పెట్టి చూడండి. 'కొండచిలువ లాంటి ట్రాఫిక్' నిలుస్తుంది. 'ఆటో లాంటి డ్రైవరు' అంటే ఆయనే నవ్వుతాడు.